తెర వెనుక పనిగంటలు

మొన్న దసరా సెలవుల్లో కుదుదండ్‌లోని మా ఇంటికి ఒక పార్సిల్ వచ్చింది. విప్పితే లోపల మూడు పెట్టెలు. మూడూ ఒకే కొరియన్ గ్రూపు ఆల్బమ్‌లు. అవే పాటలు, అవే సీడీలు. మా ఇంట్లో సీడీ ప్లేయర్ లేదు, మా వీధిలోనే ఎవరింట్లోనూ ఉందనుకోను. పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి సీడీలను పక్కన పెట్టేసి, పెట్టెల అడుగున ఉన్న చిన్న ఫోటో కార్డుల కోసం వెతికింది. ఒక్కో పెట్టెలో ఏ సభ్యురాలి కార్డు వస్తుందో ముందే తెలియదు. తనకు కావలసిన అమ్మాయి కార్డు మూడిట్లోనూ రాలేదు.

"మళ్లీ కొనాలా?" అని అడిగాను.

"మూడు కొంటేనే రాలేదు కదా నాన్నా, ఇంకో రెండు కొంటే రావచ్చు" అంది.

రుణాల విభాగంలో పదిహేనేళ్లు పనిచేసినవాణ్ణి. లాటరీ టికెట్లు కొనేవాళ్లు కూడా సరిగ్గా ఇదే మాట చెబుతారు. ఆ రాత్రి తనని పక్కన కూర్చోబెట్టుకుని ఈ వ్యాపారం ఎలా నడుస్తుందో నాకు చెప్పమన్నాను. తను చెప్పింది కొంత, తర్వాత నేను చదివి తెలుసుకున్నది కొంత. మన పత్రిక చదివే చాలా ఇళ్లలో ఇలాంటి పార్సిళ్లు వస్తూనే ఉంటాయి గనుక అందరితో పంచుకుందామనిపించింది.

ముందు లెక్కలు. 2023 ఏప్రిల్‌లో సెవెన్‌టీన్ అనే గ్రూపు ఆల్బమ్ ఒకటి మొదటి వారంలోనే 45 లక్షల కాపీలకు పైగా అమ్ముడైంది. పాటలన్నీ ఫోన్‌లో దొరికే కాలంలో ఇన్ని సీడీలు ఎవరు కొంటారు? కార్డు కోసం కొంటారు, సభ్యులను రెండు నిమిషాలు ఎదురుగా చూసే సంతకాల కార్యక్రమానికి లాటరీలో పేరు రావాలని కొంటారు, తమ గ్రూపు మొదటి వారం అంకె అవతలి గ్రూపు అంకెను దాటాలని కొంటారు. 2024లో టోక్యోలోని షిబుయా ప్రాంతంలో ఎవరో ఇదే గ్రూపు ఆల్బమ్ పెట్టెలను వీధిలో గుట్టగా వదిలేసి వెళ్లిన ఫోటోలు ప్రపంచమంతా తిరిగాయి. కార్డులు తీసుకున్నాక పెట్టెలతో పని లేదు మరి.

ఆల్బమ్ కొనడంతో పని అయిపోదు. కొరియాలో పాటలు ఎక్కువగా సాయంత్రం ఆరింటికి విడుదలవుతాయి. వాళ్ల గడియారం మనకంటే మూడున్నర గంటలు ముందు, కాబట్టి మనకు మధ్యాహ్నం రెండున్నర. మొదటి 24 గంటల్లో వీడియోను ఎన్ని లక్షల సార్లు చూశారన్నది పెద్ద లెక్క. అంటే ఇక్కడ బిలాస్‌పూర్‌లో పిల్లలు మర్నాడు మధ్యాహ్నం రెండున్నర దాకా వంతులవారీగా డ్యూటీ వేసుకుంటారు. మా అమ్మాయి వంతు రాత్రి పన్నెండు నుంచి రెండు. వాళ్ల గ్రూపులో దానికి చార్టు కూడా ఉంది. మా బ్రాంచిలో మార్చి క్లోజింగ్‌కు కూడా అంత పద్ధతిగా చార్టు వేసిన గుర్తు లేదు.

అవతల ఒడ్డున ఉన్న పిల్లల సంగతి ఏమిటి? వాళ్లను కొరియాలో "ఐడల్స్" అంటారు. 1995లో లీ సూ మాన్ స్థాపించిన ఎస్ఎం ఎంటర్‌టైన్‌మెంట్ సంస్థ 1996లో హెచ్.ఓ.టి. అనే కుర్రాళ్ల గ్రూపును దించింది. పిల్లలను చిన్న వయసులోనే ఎంపిక చేయడం, ఏళ్ల తరబడి పాట, ఆట, భాష, నడక నేర్పించి, ఒకనాడు గ్రూపుగా జనం ముందుకు తేవడం అనే పద్ధతి అక్కడి నుంచి స్థిరపడింది. ఈ శిక్షణ కాలంలో ఉన్నవారిని ట్రైనీలంటారు. ట్వైస్ గ్రూపు నాయకురాలు జిహ్యో పదేళ్లు ట్రైనీగా ఉంది. పదేళ్లంటే మన దగ్గర ఆరో తరగతిలో చేరిన పిల్ల డిగ్రీ కూడా పూర్తిచేసే కాలం.

మన పాఠకులకు సులువుగా అర్థమయ్యే భాగం ఒకటుంది. శిక్షణకు, వసతికి, వీడియోలకు సంస్థ పెట్టిన ఖర్చును చాలాచోట్ల గ్రూపు సంపాదనలోంచే ముందుగా రాబట్టుకుంటారు. అది తీరాకే సభ్యుల వాటా మొదలవుతుంది. ఎడ్యుకేషన్ లోనులో మారటోరియం అయ్యాక ఈఎంఐ మొదలైనట్టు. తేడా ఏమిటంటే, మన విద్యార్థికి లోను మీద ఎంత తేలుతుందో పాస్‌బుక్ చూపిస్తుంది. ఈ పిల్లలకు ఖర్చు ఎంత రాశారో, ఎందుకు రాశారో తెలుసుకునే దారి చాలాకాలం దాకా సరిగా లేదు. గ్రూపు ఆడకపోతే ఖాతా డెబిట్‌లోనే మూతపడుతుంది. చాలా గ్రూపులు ఆడవు.

2009లో టీవీఎక్స్‌క్యూ గ్రూపులోని ముగ్గురు సభ్యులు ఎస్ఎం మీద కోర్టుకెళ్లారు. వాళ్ల కాంట్రాక్టు పదమూడేళ్లు. అంటే ఇరవై ఏళ్లు నిండకుండా సంతకం పెట్టినవాడు ముప్పై దాటాక గానీ బయటపడడు. ఆ గొడవ నేపథ్యంలోనే కొరియా ఫెయిర్ ట్రేడ్ కమిషన్ ఒక నమూనా కాంట్రాక్టు తయారుచేసి, గడువు ఏడేళ్లు మించకూడదంది. కొరియన్ గ్రూపులు చాలావరకు ఏడో ఏట విడిపోవడం ఎందుకో మీ పిల్లలను అడగండి, "సెవెన్ ఇయర్ కర్స్" అంటారు. అదేం శాపం కాదు, కాంట్రాక్టు మెచ్యూరిటీ తేదీ.

ఇక రోజువారీ పని. కొత్త పాట వచ్చిన వారాల్లో గురువారం ఒక టీవీ, శుక్రవారం ఇంకో టీవీ, శనివారం, ఆదివారం మరో రెండు, ఇలా ప్రతి ఛానెల్ సంగీత కార్యక్రమంలో కనబడాలి. ప్రసారం మధ్యాహ్నమైనా ముందే చిత్రీకరించే భాగాలు తెల్లవారకముందు మొదలవుతాయి. దానికి ముందు మేకప్, జుట్టు. మధ్యలో ప్రకటనలు, ఊరూరా కాలేజీ ఉత్సవాలు, విదేశీ ప్రదర్శనలు. 2014 సెప్టెంబరులో లేడీస్ కోడ్ అనే గ్రూపు డేగు నగరంలో కార్యక్రమం ముగించుకుని అర్ధరాత్రి దాటాక వర్షంలో సోల్‌కు తిరిగివస్తుంటే వ్యాను ప్రమాదానికి గురైంది. ఇద్దరమ్మాయిలు చనిపోయారు. పాతికేళ్లు కూడా లేవు వాళ్లకు.

కొరియాలో చట్టాలు లేవనుకోకండి. సాధారణ ఉద్యోగికి వారానికి 52 గంటలు మించకూడదన్న నియమం 2018 నుంచి దశలవారీగా అమలైంది. కళారంగంలో మైనర్ల కోసం 2014 నుంచి ప్రత్యేక చట్టం కూడా ఉంది. 15 ఏళ్లలోపు వారికి వారానికి 35 గంటలు, ఆ పైబడిన మైనర్లకు 40 గంటలు, రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు పని కూడదు, కొన్ని మినహాయింపులతో. మరి మేజరైన ఐడల్ సంగతి?

ఈ ప్రశ్నకు జవాబు 2024లో దొరికింది. న్యూజీన్స్ గ్రూపులో హాని అనే ఇరవై ఏళ్ల అమ్మాయి ఆ ఏడాది అక్టోబరు 15న కొరియా జాతీయ అసెంబ్లీ కమిటీ ముందు హాజరై, పనిచేసే చోట తనను చిన్నచూపు చూశారని కన్నీళ్లతో చెప్పింది. పనిచోట వేధింపుల నిరోధక నియమాల కింద విచారించాలని అభిమానులు ఫిర్యాదు చేశారు. నవంబరులో కార్మిక శాఖ తేల్చిందేమిటంటే, ఆమె చట్టం దృష్టిలో ఉద్యోగి కాదు. సంస్థ, కళాకారిణి సమాన హోదాలో కాంట్రాక్టు చేసుకున్న రెండు పక్షాలు. ఆమెకు నిర్ణీత పనివేళలు లేవు. ఖర్చూ ఆదాయమూ పంచుకుంటారు. ఆమె కట్టేది జీతం మీద పన్ను కాదు, వ్యాపార ఆదాయం మీద పన్ను. అందువల్ల వేధింపుల నియమం వర్తించదు.

తీర్పు చదివి రెండు రోజులు అదే ఆలోచించాను. నిర్ణీత పనివేళలు లేవు కాబట్టి ఉద్యోగి కాదు. ఉద్యోగి కాదు కాబట్టి పనివేళలకు పరిమితి లేదు. ఎంబీఏలో మాకు సర్క్యులర్ రిఫరెన్స్ అంటే ఏమిటో ఎక్సెల్‌లో చూపించారు గానీ, చట్టంలో చూడటం ఇదే మొదలు. నవ్వుకుంటే నవ్వుకోవచ్చు గానీ, మన బ్రాంచి గుమ్మం పక్కన చిన్న మిషనుతో కూర్చుని వేలిముద్రలు వేయించే బీసీ కుర్రాడూ బ్యాంకు ఉద్యోగి కాదు. పల్లెల్లో జనం మాత్రం అతన్నే "బ్యాంకు" అంటారు. టార్గెట్ ఉంటుంది, కమీషను ఉంటుంది, సెలవు చీటీ ఉండదు.

మా వీధిలో రిటైరైన రైల్వే గార్డు ఒకాయన ఉన్నారు. శ్రీకాకుళం వైపు వారు. వాళ్ల నాన్నగారి కాలంలోనే రైల్వేతో బిలాస్‌పూర్ వచ్చేశారు. అలాంటి తెలుగు కుటుంబాలు ఈ ఊళ్లో తరాలుగా ఉన్నాయి. ఆయనకు హాని సంగతి చెబితే మొదట అడిగిన ప్రశ్న, "ఆ పిల్లకి సైన్ ఆన్, సైన్ ఆఫ్ లేదేటి బాబూ?"

రైలు నడిపేవాళ్లకు, గార్డుకు (ఇప్పుడు ట్రైన్ మేనేజర్ అనాలి, 2022లో పేరు మార్చారు) డ్యూటీ అంటే సైన్ ఆన్ చేసిన నిమిషం నుంచి సైన్ ఆఫ్ చేసిన నిమిషం దాకా. గంటలు దాటుతున్నాయంటే కంట్రోలుకు చెప్పి రిలీఫ్ అడగవచ్చు. రన్నింగ్ రూములో ఇంత విశ్రాంతి అని లెక్క ఉంటుంది. ఆ లెక్కలు ఊరికే రాలేదన్నారాయన. 1974 మే నెలలో దేశమంతా రైళ్లు ఆగిపోయినప్పుడు ఎనిమిది గంటల పని అనేది ముఖ్యమైన డిమాండ్లలో ఒకటి. అప్పటికి ఆయన కొత్తగా చేరిన కుర్రాడు. ఎవరు జైలుకెళ్లారో, ఎవరి క్వార్టర్లు ఖాళీ చేయించారో ఇప్పటికీ కాలనీ పేర్లతో సహా చెబుతారు. "మేం అలిసిపోతే సిగ్నలు తప్పిపోద్ది, జనం చస్తారు. అందుకే మా గంటలు లెక్కెట్టారు. ఆ పిల్ల అలిసిపోతే ఎవులికి నష్టం? ఆ పిల్లకే" అన్నారు.

అంతలో మా అమ్మాయి కల్పించుకుని, "తాతగారూ, ఫ్యాన్స్‌కి కూడా బాధే" అంది. ఆయన నవ్వి ఊరుకున్నారు.

ఈ వ్యాపారంలో అసలు సరుకు ఏమిటో తన మాటలో ఉంది. పాట ఒక్కటే సరుకైతే పాడినంతసేపే పని. ఇక్కడ అమ్ముతున్నది దగ్గరితనం. బబుల్ అనే యాప్ ఉంది. నెలకు ఇంతని చందా కడితే మీకిష్టమైన ఐడల్ నుంచి మీ ఫోనుకు మెసేజీలు వస్తాయి. "తిన్నావా? ఈరోజు చలిగా ఉంది, స్వెటరు వేసుకో" అన్న తరహావి. అందరికీ వెళ్లేది ఒకే మెసేజీ, కానీ చూసేవాళ్లకు తన ఒక్కరికే రాసినట్టు, తన పేరుతోనే కనబడుతుంది. వారం రోజులు మెసేజీ రాకపోతే చందాదారులు నిష్ఠూరమాడతారు, డబ్బు కట్టాం కదా అంటారు. స్టేజీ దిగాక, మేకప్ తీసేశాక, మంచం మీద పడుకున్నాక కూడా పని మిగిలే ఉంటుంది. సైన్ ఆఫ్ ఎక్కడ?

2024 ఫిబ్రవరి చివర్లో ఎస్పా గ్రూపుకు చెందిన కరీనా అనే అమ్మాయి ఒక నటుడితో ప్రేమలో ఉందన్న వార్త నిజమని తేలింది. ఆమెకు అప్పటికి ఇరవై మూడేళ్లు. సంస్థ షేరు పడింది. కొందరు అభిమానులు ఎల్ఈడీ తెర బిగించిన ట్రక్కును అద్దెకు తీసుకుని సంస్థ ఆఫీసు ముందు నిలబెట్టారు. అభిమానుల ప్రేమ నీకు చాలలేదా అన్నది దాని మీద వచ్చిన ప్రశ్న. మార్చి 5న కరీనా చేత్తో క్షమాపణ ఉత్తరం రాసి పెట్టింది. నెల తిరగకుండానే వాళ్లిద్దరూ విడిపోయారని వార్త. నాకు పెళ్లి సంబంధాలు చూసే రోజుల్లో మా మేనత్తలు అడిగిన ప్రశ్నలే ఎక్కువనుకునేవాణ్ణి.

ఇంట్లో ఈ సంగతి వచ్చినప్పుడు మా అమ్మాయి ఆ ట్రక్కు పంపినవాళ్లను తిట్టింది. కాసేపాగి, "కానీ నాన్నా, వాళ్లు ఎన్ని ఆల్బమ్‌లు కొన్నారో!" అంది. కొన్నవాడికి హక్కు వచ్చిందన్న భావన అంత సహజంగా వచ్చేస్తుంది.

ఇంకా ముదిరితే ప్రాణాల మీదికి వస్తుంది. 2019 అక్టోబరులో సల్లీ, నవంబరులో ఆమె స్నేహితురాలు గూ హారా, ఇద్దరు గాయనులు ఆరు వారాల తేడాతో వెళ్లిపోయారు. ఇద్దరూ ఏళ్ల తరబడి ద్వేషపు వ్యాఖ్యలు భరించినవారే. ఎవరి చావుకైనా ఒకే కారణం చెప్పేయడం తప్పు, నేనా పని చేయను. ఆ తర్వాత కొరియాలోని పెద్ద పోర్టళ్లు డామ్, నేవర్ సినిమా, సంగీత వార్తల కింద వ్యాఖ్యల పెట్టెలను మూసేశాయన్నది మాత్రం చెప్పుకోదగ్గ సంగతి. ఏళ్లుగా కుదరదన్న పని కొన్ని నెలల్లో కుదిరింది.

పైస్థాయిలో ఉన్నవాళ్లు కూడా అలసిపోయామని చెప్పిన సందర్భం ఒకటుంది. 2022 జూన్‌లో బీటీఎస్ కుర్రాళ్లు తమ తొమ్మిదో వార్షికోత్సవం సందర్భంగా భోజనాల బల్ల దగ్గర కూర్చుని, ఇకపై కొంతకాలం విడివిడిగా పనిచేస్తామని చెప్పారు. వాళ్ల నాయకుడు ఆర్ఎం చెప్పినదాని సారాంశం, ఈ ఐడల్ వ్యవస్థ మనిషిగా ఎదగడానికి సమయం ఇవ్వదని, ఏదో ఒకటి తయారుచేస్తూనే ఉండాలని. మర్నాడు వాళ్ల సంస్థ హైబ్ షేరు ఒక్క రోజులో దాదాపు నాలుగో వంతు పడిపోయింది. ఏడుగురు మనుషులు కాస్త ఊపిరి తీసుకుంటామంటే మార్కెట్ దాన్ని ఎలా చదివిందో ఆ అంకె చెబుతుంది. కీ మ్యాన్ రిస్క్ అని పుస్తకాల్లో చదువుకున్నాం. ఆ మ్యాన్‌కు నిద్ర కావాలన్న సంగతి ఆ అధ్యాయంలో ఎక్కడా లేదు.

ఇదంతా ఎక్కడో కొరియాలో కదా అని నేనూ అనుకున్నాను. కానీ మన గార్డుగారు ఊరుకోలేదు. ఆయన సూపర్‌స్టార్ కృష్ణ వీరాభిమాని. 1972లో కృష్ణ సినిమాలు 18 విడుదలయ్యాయి. సగటున ఇరవై రోజులకొకటి. ఆ రోజుల్లో మద్రాసులో రోజుకు మూడు షిఫ్టులు పనిచేసేవారని, కారులోనే నిద్రపోయేవారని అభిమానులు గొప్పగా చెప్పుకునేవారు. "అదో గొప్పనుకున్నాం బాబూ. సినిమాకి సినిమాకి మధ్యన పదిహేను రోజులు దాటితే మాకే చిరాకు. సెలవెట్టి విజయనగరం పోయి చూసేవోళ్లం. ఆయనెప్పుడు పడుకున్నాడో మేం అడగలేదు" అన్నారు. 2022 నవంబరులో కృష్ణ పోయిన రోజు ఆయన ఇంట్లో పొయ్యి వెలిగించలేదట.

సినిమా వాళ్ల పనికి కాల్షీటు అని ఒక కొలత ఉంది. కానీ ఆ కొలత అందరికీ ఒకేలా ఉండదు. 2022 అక్టోబరులో సమంత తనకు మయోసైటిస్ అనే వ్యాధి ఉందని చెబుతూ ఒక ఫోటో పెట్టారు. చేతికి సెలైన్, ముందు మైకు, 'యశోద' సినిమాకు డబ్బింగు చెబుతున్నారు. వ్యాధి పని వల్ల వచ్చిందని ఎవరూ అనలేదు. చాలామంది ఆ ఫోటోను అంకితభావం అని మెచ్చుకున్నారు, నేనూ మెచ్చుకున్నవాణ్ణే. ఇప్పుడు చూస్తే సెలైన్ స్టాండును డబ్బింగ్ థియేటర్లోకి తెచ్చిన గడువు ఏమిటా అనిపిస్తుంది. తర్వాతి ఏడాది ఆమె సినిమాలకు కొంత విరామం ఇచ్చారు.

2025లో దీపికా పదుకొణె ఎనిమిది గంటల పని అడిగారని, తెలుగు దర్శకుడు సందీప్‌రెడ్డి వంగా తీయబోయే 'స్పిరిట్'లో అందుకే లేరని వార్తలు వచ్చినప్పుడు మన డైనింగ్ టేబుళ్ల దగ్గర కూడా వాదనలు జరిగాయి. కోట్లు తీసుకునేవాళ్లకు గంటల లెక్కేమిటని మా బ్రాంచిలో ఒక పెద్దాయన. ఆమెకు చంటిబిడ్డ ఉందని మా ఆవిడ. పలువురు మగ తారలు ఏళ్లుగా ఎనిమిది గంటలే పనిచేస్తున్నా అది ఎన్నడూ వార్త కాలేదని తర్వాత దీపికే అన్నారు. నేను మా ఆవిడ పక్షం. తార ఎనిమిది గంటలకు వెళ్లిపోతే లైట్‌బాయ్ కూడా ఆ వేళకు ఇంటికి వెళ్లే అవకాశం ఉంది. తార పద్నాలుగు గంటలుంటే అతను పదహారు గంటలుంటాడు. అందరికంటే ముందు వచ్చి లైట్లు దించేదీ, అందరి తర్వాత ఎత్తేదీ అతనే. ఆ ఆగస్టులోనే తెలుగు సినీ కార్మికులు వేతనాలు 30 శాతం పెంచాలని షూటింగులు ఆపేశారు. రెండు వారాలు దాటాక గానీ రాజీ కుదరలేదు. ఆ రోజుల్లో మన ఇళ్లలో ఎక్కువగా వినబడిన ప్రశ్న, ఫలానా సినిమా సంక్రాంతికి వస్తుందా రాదా అని.

మన అభిమానుల సంగతీ చెప్పాలి. కొరియా అభిమాని ట్రక్కు పంపితే మనవాడు ఫ్లెక్సీ కడతాడు. 2020 సెప్టెంబరు మొదట్లో చిత్తూరు జిల్లా శాంతిపురం మండలంలో పవన్ కల్యాణ్ పుట్టినరోజుకు ఫ్లెక్సీ కడుతూ ముగ్గురు కుర్రాళ్లు కరెంటు షాకుతో చనిపోయారు. 2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాదు సంధ్య థియేటర్లో 'పుష్ప 2' ప్రీమియర్‌కు హీరో వచ్చాడని జనం తోసుకోవడంతో ఒక తల్లి చనిపోయింది, ఆమె కొడుకు నెలల తరబడి ఆసుపత్రిలో ఉన్నాడు. పిల్లాడికి ఆ హీరో అంటే ఇష్టమని కుటుంబమంతా కలిసి వెళ్లారు. మా అమ్మాయి వయసు పిల్లలున్న ఎవరైనా ఆ వార్త చదివి ఒక్క క్షణం ఆగి ఉంటారు. ఎవరి తప్పు అన్నది కోర్టుల్లో తేలవలసిన విషయం. హీరో కనబడితీరాలని కోరుకునే జనం, కనబడకపోతే ఓపెనింగ్ దెబ్బతింటుందని భయపడే వ్యాపారం రెండూ ఆ రాత్రి ఒకే గుమ్మం దగ్గర కలిశాయన్నంతవరకు మాత్రం చెప్పగలను.

అభిమానమంతా ఇలాగే ఉంటుందంటే అన్యాయమవుతుంది. 1998లో చిరంజీవి పేరున మొదలైన బ్లడ్ బ్యాంకులో రక్తమిచ్చినవాళ్లలో ఎక్కువమంది ఆయన అభిమానులే. బీటీఎస్ అభిమానులు 2020 జూన్‌లో అమెరికాలో నల్లజాతీయుల హక్కుల ఉద్యమానికి ఒక్క రోజులోనే పది లక్షల డాలర్లకు పైగా పోగుచేశారు. మా అమ్మాయి కూడా ఈ పాటల పుణ్యమా అని కొరియన్ లిపి చదవడం నేర్చుకుంది. మూడేళ్లుగా ఛత్తీస్‌గఢ్‌లో ఉంటూ నాకు ఛత్తీస్‌గఢీలో నాలుగు ముక్కలు రావు.

ఇక ఇంటి సంగతి. పార్సిల్ వచ్చిన రెండు వారాలకు మా అమ్మాయి ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. ఒక కొరియన్ సంస్థ ఆన్‌లైన్ ఆడిషన్ దరఖాస్తు. మైనరు గనుక తండ్రి గానీ తల్లి గానీ సంతకం చేయాలి. తను నాలుగేళ్లుగా డాన్సు నేర్చుకుంటోంది, బాగానే చేస్తుంది. నేను వెంటనే కాదనలేకపోయాను. కారణం, ఇది మరీ గాలిలో మేడ కాదు. బిలాస్‌పూర్ నుంచి హౌరా వైపు రైలెక్కితే రాయగఢ్ దాటాక ఒడిశాలో ఝార్సుగూడ వస్తుంది. ఆ ఊరి అమ్మాయి శ్రియా లెంకా 2022 మేలో బ్లాక్‌స్వాన్ అనే కొరియన్ గ్రూపులో చేరింది. అలా చేరిన మొదటి భారతీయురాలు. మా అమ్మాయి గది తలుపు మీద ఆమె ఫోటో ఉంది. ఒకే లైను మీద నాలుగు స్టేషన్ల అవతల పిల్లకు వచ్చింది నాకెందుకు రాదు అన్నది తన వాదన. నాలుగు కాదు, ఇంకా ఎక్కువే స్టేషన్లు, అయినా వాదన వాదనే.

సంతకం పెట్టేముందు ఏ లోను ఫైలునైనా చూసినట్టే చూద్దామన్నాను. తను ఒప్పుకుంది. ఇద్దరం కూర్చుని ఆ సంస్థకు పంపాల్సిన ప్రశ్నలు రాశాం. శిక్షణ ఖర్చు ఎవరి ఖాతాలో రాస్తారు? మధ్యలో మానేస్తే తిరిగి కట్టాలా? ఖర్చుల స్టేట్‌మెంట్ ఎన్నాళ్లకొకసారి ఇస్తారు? కాంట్రాక్టు ఎన్నేళ్లు, ఆ ఏళ్లు ఎప్పటి నుంచి లెక్క, సంతకం నుంచా, మొదటి ప్రదర్శన నుంచా? చదువు ఎక్కడ, ఎన్ని గంటలు? జబ్బు చేస్తే ఎవరికి చెప్పాలి, ఆ రోజు సెలవా కాదా? ఫోను తన దగ్గర ఉంటుందా? ఇవన్నీ నావి. ఎనిమిదో ప్రశ్న దగ్గర తను నా చేతిలోంచి పెన్ను తీసుకుని, "రోజుకు ఎన్ని గంటలు నిద్ర?" అని రాసింది. రాసి నావైపు చూసి, "ఇది మీ బ్యాంకువాళ్లను కూడా అడగొచ్చు కదా నాన్నా" అంది. ఐదు రోజుల వారం కోసం మనమంతా ఎదురుచూస్తున్నామని, ఇంటికి నేను రోజూ ఏ వేళకు చేరుతున్నానో తనకు తెలుసునని, ఇంకేం చెప్పను.

ఆ ప్రశ్నలు పంపి మూడు వారాలైంది. జవాబు రాలేదు. దరఖాస్తు ఇంకా సంతకం లేకుండానే షెల్ఫులో, ఆ మూడు ఆల్బమ్‌ల కింద ఉంది. ఆడిషన్ గడువు నెలాఖరు. వీడియో వంతుల చార్టులో మాత్రం తను తన పేరు రాత్రి పన్నెండు నుంచి సాయంత్రం నాలుగుకు మార్పించుకుంది. ఆ అర్ధరాత్రి వంతు ఇప్పుడు రాంచీలో ఎవరో పిల్ల తీసుకుందట.